పుండున కంటని కట్టు

శస్త్రవైద్యముయొక్క చరిత్రమును వ్రాసినవారు కత్తిని గూర్చి విరివిగా వ్రాసిరి. మత్తుమందును గూర్చియు, సూక్ష్మజీవులను గూర్చియు గ్రంథములకు గ్రంథములు వెలసినవి. గాయముపై వేయు గుడ్డను గూర్చి వ్రాసినవారు మాత్రము తక్కువ. కత్తి రోగిశరీరముపై నుండునది కొలదిసేపు; కట్టుగుడ్డ యుండునది వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు. ఒడలు కాలి యాస్పత్రిలో చాలదినములుండి వచ్చినవారిని, మీకు బాధ యెప్పు డెక్కువగా నుండెనని యడిగి చూడుడు. కట్టు విప్పినప్పుడని పలువురు చెప్పుదురు. ఆ బాధ రోగమువలన గలిగినది కాదు, చికిత్సవలన గలిగినది. ఓర్చుకొనుమని రోగికి చెప్పుట సులభము. ఓర్చుకొనవలసిన యవసరమే లేకుండ జేయవచ్చునా యని యెవ్వరెప్పు డాలోచించిరో తెలిసికొనుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పొడిగుడ్డ పుండున కేల యంటుకొనును? చర్మము పోయినచోట నెల్లప్పుడును రసి యూరుచుండును. నూలుగుడ్డ దానిని పీల్చుకొనును. గాలి తగిలి రసి యాఱిపోవును. ఆఱిన రసి బంకవలె గట్టిపడి దారములను పుండుతో నతికివైచును. ఇంతటితో నాగదు. పుండు మానుట యనగా, అడుగునుండి యెఱ్ఱని క్రొత్తమాంసము చిన్నచిన్న మొలకలుగా లేచుటయు, అంచులనుండి పలుచని చర్మకణములు దానిపైకి ప్రాకుటయు. ఆ మాంసాంకురములు నేతలోని సందులలోనికి చొచ్చుకొని పెరుగును. అట్టి గుడ్డను పట్టి లాగినప్పుడు మూడునాలుగు దినములలో శరీరము కష్టించి కట్టుకొన్న క్రొత్తపొరయు దానితో నూడివచ్చును. నెత్తురు చిమ్మును. మానుట మరల మొదటికి వచ్చును. కట్టు మార్చినకొలది పుండు పెద్దదగుచున్నదని మన యిండ్లలో ముసలమ్మలు గొణుగుట వట్టి చాదస్తము కాదు.

ఈ సంగతి మన ప్రాచీనుల కెంతవఱకు తెలియునో చూతము. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునెనిమిదవ యధ్యాయము పూతలను, కట్లను గూర్చినది. కోశము, దామము, స్వస్తికము, మండలము, గోఫణ, పంచాంగి మొదలుగా కట్ల రకములను పేర్కొని, ఏ యంగమున కేది తగునో యందు చెప్పబడినది. నారబట్ట, నూలుబట్ట, ఉన్ని, పట్టు, తోలు, చెట్టులోపలి పట్ట, సొరకాయపెంకు, వెదురుబద్ద వఱకు పనికివచ్చు వస్తువుల పట్టికయు కలదు. ఇట్టి పట్టికలను కంఠస్థము చేయుటయందు మనవారికి సాటిలేదు. కాని యా యధ్యాయమున పట్టికలకంటె విలువగల మాట వేఱొకటి యున్నది. పుండులో నుంచు మందుగుడ్డకు వికేశిక యని పేరు. అది మిక్కిలి జిడ్డుగా నుండరాదు; మిక్కిలి పొడిగా నుండరాదు; ఎగుడుదిగుడుగా నుంచరాదు. జిడ్డెక్కువైనచో పుండు చెమ్మగిల్లి చివుకును. పొడి యెక్కువైనచో చీలును. సరిగా నుంచకున్నచో అంచులు రాచుకొనును. విధిని మాత్రమే చెప్పి యూరకుండక హేతువును గూడ చెప్పుట గమనింపదగినది. హేతువు చెప్పినవాడు పుండును కన్నులార చూచినవాడు.

అయిదవ యధ్యాయమున నింకొక నియమము గలదు. శస్త్రము చేసి కట్టిన కట్టును మూడవనాడు విప్పవలెను; తొందరపడి రెండవనాడే విప్పరాదు; విప్పినచో పుండు ముడివడి, ఆలస్యముగా మానుటయే కాక తీవ్రమైన నొప్పియు గలుగును. ఎండకాలమున పిత్తవ్రణములకు దినమునకు రెండుమార్లు కట్టవలెనని వేఱుచోట చెప్పబడినది గనుక ఇది యన్నిటికిని చెల్లు శాసనము కాదు. అయినను కట్టు ఊరక విప్పుచుండుట శ్రద్ధ యనుకొనువారికి ఇదొక హెచ్చరిక.

వీని యన్నిటికంటెను నాకు వింతగా దోచినది చికిత్సాస్థానము మొదటి యధ్యాయములోని పత్రదానము. వ్రణమునకు చెప్పిన అఱువది యుపక్రమములలో నిది యొకటి. గట్టిపడి, మాంసము తక్కువై, పొడిబారి మానక యున్న పుండ్లపై ఆకు వేయవలెను. ఆ యాకు గరుకుగా నుండరాదు. చినిగినది, ముదిరినది, పురుగు తిన్నది పనికిరాదు. లేతగా మెత్తగా నుండవలెను. ఆకేల? గుడ్డకును పూతకును నడుమ నాకున్నయెడల, పూతలోని చమురును మందుసారమును గుడ్డ పీల్చుకొనజాలదు. కనుక పూతపైన నాకు పఱచి దానిపైన గుడ్డ కట్టవలెనని శాస్త్రము. పుండు చెమ్మను కాపాడుటకును, పీల్చు గుడ్డను పుండునకు దూరముగా నుంచుటకును, నడుమ పీల్చని పొర యొకటి కావలెనన్న యూహ యిచట స్పష్టముగా నున్నది.

ఇంతమాత్రమున, నేటి వైద్యులు చేయునదంతయు మన ఋషు లెఱిగినదే యని చప్పట్లు చఱచుట తగదు. కట్టు కట్టగూడనివారిని చెప్పుచోట సుశ్రుతము అగ్నిదగ్ధులను గూడ చేర్చినది. అనగా నీ కాలమున నంటని కట్టు అన్నిటికంటె నెక్కువగా పనికివచ్చు కాలినపుండ్లకే యచట కట్టు నిషేధింపబడినది. ఉన్నదానిని ఉన్నట్లును లేనిదానిని లేనట్లును చెప్పుకొన్నచో పూర్వులకు వచ్చు లోపమేమియు లేదు.

ఆ విద్య పిదప నేమైనది? 1794వ సంవత్సరము అక్టోబరు నెలలో లండనునందలి జెంటిల్మన్స్ మాగజైనను పత్రికలో నొక లేఖ ప్రకటింపబడెను. ఆంగ్లసేనలో ఎడ్లను తోలుచుండిన కావస్జీ యను మహారాష్ట్రుడు 1792వ సంవత్సరపు యుద్ధమున టిప్పుసుల్తానునకు చిక్కి, ముక్కును ఒక చేతిని కోల్పోయెను. ఏడాదికాలము ముక్కు లేకుండ నుండి, పిదప పూనా ప్రాంతమున నిటుకలుచేయు కులమువాడొకనిచేత నుదుటిచర్మముతో క్రొత్తముక్కు పెట్టించుకొనెను. బొంబాయి రాజధానికి చెందిన యాంగ్లవైద్యు లిరువురు దానిని చూచిరి. ఈ లేఖను చదివియే లండను వైద్యుడు కార్ప్యూ 1814వ సంవత్సరమున నా శస్త్రమును తాను చేసి, 1816లో గ్రంథము వెలువరించెను. ముక్కు కథను మన పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. కట్టు కథను చెప్పవు. ఆ లేఖలోనే యదియు నున్నది. అతుకు నిలుచుటకై కాచును నీటితో మెత్తజేసి గుడ్డపేలికలపై పూసి, అయిదాఱు పేలికల నొకదానిపై నొకటిగా వేసిరి. నాలుగుదినములు వేఱు కట్టు లేదు. పిదప దానిని తొలగించి నేతిలో ముంచిన గుడ్డలు వేసిరి. ఇరువదియైదవ దినము ప్రాంతమున నుదుటినుండి వచ్చిన చర్మపుపట్టెను కోసిరి. నాలుగుదినములు కదలింపకుండుట, ఆ తరువాత నెయ్యి యూరిన గుడ్డ: నూఱేండ్లకు పైబడి గడచినపిమ్మట ఫ్రాన్సుదేశమున నొక ప్రసిద్ధపురుషుడు ఇట్టి దానినే వేఱొక జిడ్డుతో చేసి పేరొందెను. ఆయన సంగతి ముందు వచ్చును.

పూనాలో నీ పని చేసినవాడు ఇటుకల కులమువాడని చెప్పితిని. అతనికి సంహిత తెలిసినట్లు లేఖలో లేదు. సంహిత తెలిసిన పండితులలో పుండు ముట్టినవా రెందఱు? శవమును శోధించి చూడవలెనని సుశ్రుతము శారీరస్థానమున స్పష్టముగా చెప్పగా, శవమును మైల, చీమును మైల, నెత్తురును మైల యని తలచినవారి చేతులలో నా గ్రంథము పారాయణగ్రంథమైనది. చేయి గలవానికి పుస్తకము లేకపోయెను. పుస్తకము గలవానికి చేయి లేకపోయెను. తండ్రివలన కొడుకు నేర్చుకొన్న విద్య ఏ వంశములో నెక్కడ తెగునో యెవ్వరికి తెలియును? కలకత్తాలో మధుసూదనగుప్తుడను వైద్యపండితుడు 1836వ సంవత్సరమున వైద్యకళాశాలలో శవచ్ఛేదము చేయుట నాటివారికి మహాసాహసముగా దోచెను. సుశ్రుతసంహితను మొట్టమొదట అచ్చువేయించినదియు నతడే, ఇంచుమించుగా నా కాలముననే. పుస్తకమును చేతిని మరల నొక్కచోటికి తెచ్చినవాడని యాయనను నేను గౌరవింతును.

ఇక యూరపుఖండము. అచ్చటి పూర్వచరిత్రమును చూచి మనము గర్వింపవలసినదియు లేదు, సిగ్గుపడవలసినదియు లేదు. తుపాకిగుండు గాయములలో సలసల కాగిన నూనె పోయుచుండినకాలమున, ఇటలీ దండయాత్రలో నూనె యైపోగా, ఆంబ్రువాజ్ పారే యను ఫ్రెంచి వైద్యుడు గ్రుడ్డులోని పచ్చసొన, గులాబితైలము, టర్పెంటైను కలిపి పూసెను. మఱునాడు చూడగా నూనె పోయించుకొన్నవారు జ్వరముతో బాధపడుచుండిరి. పూత వేయించుకొన్నవారు నిదురించియుండిరి. 1545లో పారే దీనిని గ్రంథముగా వ్రాసెను. అక్కడినుండి మూడువందల యేండ్లు దాటి రావలెను.

జోసెఫ్ లిస్టరు పేరు విననివారుండరు. 1865వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీని గ్లాస్గో ఆస్పత్రిలో బండిచక్రము క్రింద కాలు విఱిగిన పదునొకండేండ్ల బాలునకు కార్బాలికామ్లములో తడిపిన లింటుగుడ్డను వేసి, అది యాఱిపోకుండ పైన తగరపురేకు కప్పెను. ఎముక చర్మమును చీల్చుకొని వచ్చిన గాయము లవి. అట్టివానికి కాలు తీసివేయుటయే యానాటి మార్గము. బాలుని కాలు నిలిచెను. 1867లో లాన్సెటు పత్రికలో లిస్టరు తన విధానమును ప్రకటించెను. ఇంతవఱ కందఱకు తెలిసినదే. తెలియనిది తరువాతి భాగము. కార్బాలికామ్లము క్రిములను చంపును. పుండును గూడ మండించును. తాను వేసిన మందే మానుటను అడ్డగించుచున్నదని లిస్టరు కనిపెట్టెను. మందు పుండున కంటకుండవలెను గాని చుట్టు నుండవలెను. ఇందులకై మొదట లక్కను కార్బాలికముతో కలిపి పట్టువేసి, చర్మమున కది యంటకుండుటకు పైన గటాపర్చాపూత పూసెను. మన యడవులలోని లక్క ఆ విధముగా గ్లాస్గో చేరినది. పిదప మఱింత ఆలోచించి, నూనెపట్టుగుడ్డకు వార్నీషు పూసి, దానిపై గంజివంటి పదార్థము పూసి, పుండుపై మొట్టమొదట దీనిని వేసి, ఆపైన మందుగుడ్డ పొరలను వేసెను. దీనికాయన పెట్టిన పేరునకు రక్షకమని యర్థము. పైనున్న గుడ్డనుండి పుండును రక్షించుట దాని పని.

లిస్టరును అనుసరించినవారు మందుగుడ్డను పట్టుకొని రక్షకమును విడిచిపెట్టిరి. గొప్పవారి శిష్యులు తఱచుగా చేయునదే యిది. పిదప మందుకు మాఱుగా ఆవిరితో శుద్ధిచేసిన గుడ్డలు వచ్చినవి. దూదిలోని సహజమైన మైనమును తీసివైచి, బాగుగా పీల్చునట్లు చేయు విధానము వ్యాపించినది. 1880లో బర్మింగుహాము వైద్యుడు గాంజీ రెండు గాజ్ గుడ్డల నడుమ దూది పెట్టి మెత్తని కట్టు చేసెను. శుద్ధమైనది, చవుకయైనది, పీల్చునది యగు తెల్లని గాజ్ గుడ్డ లోకమంతట నిండెను. అది పీల్చుటలో నెంత సమర్థమైనదో, అంటుకొనుటయందును అంతే.

పై జెప్పిన ఫ్రెంచి పురుషుడు ఓగస్టు లూమియేరు. 1895లో తమ్మునితో కలిసి చలనచిత్రమును లోకమునకు చూపిన యాతడే. మొదటి ప్రపంచయుద్ధకాలమున లియో నగరపు ఆస్పత్రిలో గాయపడిన సైనికుల నడుమ పనిచేయుచు, కట్లు విప్పునప్పటి కేకలు వినియుండవచ్చును. కిటికీతెరలకు వాడునట్టి విఱివిఱి కన్నులుగల వలగుడ్డను తీసికొని, మెత్తని పారఫిను, పెరూ బాల్సము మొదలగువానిలో నాననిచ్చి పుండ్లపై వేసెను. దానికి జిడ్డువల యని తెనుగు చేయవచ్చును. రసి కన్నులగుండ పైగుడ్డలోనికి పోవును. జిడ్డు పుండును గుడ్డను విడదీయును. పూనా నేతిగుడ్డకును దీనికిని సూత్రమొక్కటే. కాని యొక భేదము కలదు. పూనావిద్య ఒక కుటుంబమున నుండెను. లియో విద్యను కర్మాగారమున చేసి డబ్బాలలో నింపి దేశదేశములకు పంపిరి.

రెండవ యుద్ధము దీనిని మఱింత యావశ్యకము చేసినది. 1925లో డెట్రాయిటునందు డేవిడ్సను అను వైద్యుడు కాలినపుండ్లపై టానికామ్లము చల్లు పద్ధతిని ప్రకటించియుండెను. మన యూళ్లలో తోళ్లను పదునుపెట్టుటకు వాడెడు తంగేడుపట్టలో నున్నది యీ జాతి పదార్థమే. తోలును పదునుపెట్టినట్లు కాలిన చర్మమును గట్టిపెంకుగా జేయుట యా చికిత్స. 1940లో బ్రిటను ఆకాశయుద్ధమున విమానములలో కాలిన యువకుల చేతులు ఆ పెంకు క్రింద బిగిసి, వ్రేళ్లు వంకరలుపోయినవి. ఈస్టుగ్రిన్స్టెడ్ ఆస్పత్రిలో ఆర్చిబాల్డు మెకిండో దీనిని నిరసించి, ఉప్పునీటి స్నానములను, జిడ్డువలను ఆచరణలోనికి తెచ్చెను. సముద్రములో పడినవారి గాయములు నేలపై పడినవారి గాయములకంటె బాగుగ నుండుట చూచి యాయనకు ఉప్పునీటి యూహ కలిగినది. నీటిలో నుంచిన రోగి కట్టు తనంత తాను తేలి యూడివచ్చును. లాగనక్కఱలేదు.

అయినను, పక్కుకట్టి యెండుటయే పుండు మానుట కుపాయమని వైద్యులును ప్రజలును నమ్ముచునే యుండిరి. 1962వ సంవత్సరమున జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు నేచరు పత్రికలో నొక చిన్న వ్యాసము ప్రకటించెను. పందిపిల్లల చర్మముపై సమానమైన పైగాయములు చేసి, కొన్నింటిని గాలికి విడిచి, కొన్నింటిపై పలుచని పాలిథీను పొర వేసెను. పొర క్రింద చెమ్మగా నున్న గాయములు రమారమి రెండింతల వేగముతో చర్మము కట్టినవి. గాలికి విడిచినవానిలో చర్మకణములు పక్కు క్రింద చెమ్మయున్న లోతును వెదకికొనుచు దారిచేసికొని పోవలసివచ్చినది, అందుచే నాలస్యము. మఱుసటియేడు మనుష్యులయందును పరీక్షించి వైద్యులు దీనిని బలపఱచిరి. అటుపిమ్మట సన్నరంధ్రములుగల ప్లాస్టిక్కుపొరలు, నీటిని పట్టియుంచు జెల్లులు, సిలికోనుపూత వేసిన వలలు వరుసగా వచ్చినవి. సిలికోనువల పుండు చుట్టునున్న పొడిచర్మమును మెల్లగ పట్టుకొనును. తడి పుండును పట్టదు.

వీనికిని హద్దులున్నవి. జిడ్డువల యెండినచో అదియు నంటును. కన్నులు పెద్దవైనచో మాంసము దానిగుండ మొలచును. చీము పట్టి చెడిన పుండును పొర వేసి మూసిపెట్టుట ప్రమాదము. చచ్చిన మాంసమును తీయుటకై తడిగుడ్డను వేసి, ఆఱనిచ్చి, కావలెననియే లాగు పద్ధతి యొకటి యున్నది. కత్తి పట్టు తీరిక లేనిచోట దానిని సమర్థించువారున్నారు. నాకు మాత్రము అది తోటలో కలుపుతో కూడ నారును పెఱుకుటవలె దోచుచున్నది. ఆ గుడ్డకు చచ్చిన మాంసమేదో మొలచు మాంసమేదో తెలియదు గదా.

మన దేశపు వైద్యులు చేసిన పని చిన్నది కాదు. విదేశపు కట్టుల వెల మన పేదలకు తగదు. బొంబాయిలో కేస్వానీ యను వైద్యుడు ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాజ్ గుడ్డ కతికించి, శుద్ధిచేసి, కాలినపుండ్లపై వేసి, 1985లో తన యనుభవమును వైద్యపత్రికలో ప్రకటించెను. తొక్కపై నుండు సన్నని బెండుపొర తడిని పోనీయదు, పుండున కంటదు. 2003లో ఆ నగరమందే మధురీ గోరే యను వైద్యురాలును ఆమె సహచరుడును అరటియాకులను ఆవిరితో శుద్ధిచేసి, చర్మమును తీసిన చోట్లపైనను, కాలినపుండ్లపైనను వేసి, మొదటిదానిని వాసెలిను గుడ్డతోను, రెండవదానిని దుంపతొక్కతోను పోల్చిచూచిరి. అరటియాకు వాసెలిను గుడ్డకంటె నొప్పి తక్కువ కలిగించెను; దుంపతొక్కతో సమానముగా పనిచేసెను; వెల మిక్కిలి తక్కువ. ఒడలు కాలినవారిని అరటియాకుపై పరుండబెట్టుట మన తెలుగుదేశమున అనాదిగా నున్నది. చేసినవారికి హేతువు తెలియకపోవచ్చును. ఆకు అంటదని మాత్రము తెలియును. ఆవిరిలో నుంచి శుద్ధిచేయుట, ఒకదానితో నొకటి పోల్చుట, ఫలితమును వ్రాసి పదుగురకు చూపుట, ఇవి వారి కందకపోయినవి. ఈ మూడును చేరినపుడే యాచారము శాస్త్రమైనది.

కాలినగాయములతో ఆస్పత్రులకు వచ్చువారిలో వంటయింటి స్త్రీలెందఱో యున్నారు. కాలిన వెంటనే వారిపై ఇంటివారు పోయు వస్తువులను తలచుకొన్న దుఃఖము కలుగును: సిరా, బూడిద, పేడ, ఇప్పుడు పండ్లు తోముకొను ముద్ద. పేడలో ధనుర్వాతపు బీజముండును. చేయవలసినది ముందుగా నిరువది నిమిషములు చల్లని పాఱునీటి క్రింద నుంచుట, తరువాత శుభ్రమైన యంటని పొర కప్పి వైద్యునియొద్దకు కొనిపోవుట. ఆకైనను, గుడ్డయైనను శుద్ధిచేయనిదానిని తెఱచిన పుండుపై వేయరాదు. పెద్ద ఆస్పత్రిలో వెల పెట్టగలవారికి సిలికోనువలయు, పెట్టలేనివారికి పొడిగుడ్డయు దొరకుచున్న చోట్ల, ఒకరికి నొప్పి తక్కువ, ఒకరికి ఎక్కువ యని విధి వ్రాసినది కాదు. సరకు కొన్నవారు వ్రాసినది. దుంపతొక్క, అరటియాకు వార్తలు ఆ సరకు కొనువారు చదువదగినవి.

ఇప్పటికే పొడిగుడ్డ యంటుకొనియున్నచో లాగరాదు. లీటరు నీటిని కాచి, అందు తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి, బాగుగ చల్లారనిచ్చి, ఆ నీటితో గుడ్డను నిండుగ తడిపి, అది తనంతట వదలువఱకు వేచియుండవలెను. పావుగంట పట్టవచ్చును, అంతకంటె నెక్కువయు పట్టవచ్చును. పిమ్మట అంచునుండి మెల్లగా, చర్మమునకు దాపుగా మడచుచు తీయవలెను గాని పైకెత్తి లాగరాదు. ఎక్కడ పట్టుకొన్నదో అక్కడ మరల తడుపవలెను.